సింధూరం కింద చెయ్యి

మా ఊరి ఆంజనేయస్వామి ఏటేటా పెరుగుతాడని చిన్నప్పుడు నమ్మేదాన్ని. నేనే కాదు, ఊరంతా నమ్మేది. దానికి సాక్ష్యం మా ఇంట్లోనే ఉండేది. స్వామికి శనివారం పూలదండ మా అమ్మ కట్టేది. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మూడు మూరల దండ సరిపోయేది. పదో తరగతికి వచ్చేసరికి నాలుగు మూరలు కావలసి వచ్చింది. అమ్మ అరటినార ముడివేస్తూ "మళ్ళీ ఒళ్ళు చేశాడు నా తండ్రి" అని మురిసిపోయేది.

మంగళవారం, శనివారం పూజారిగారు నువ్వుల నూనెలో సింధూరం కలిపి పాత పూత మీదే కొత్త పూత వేసేవారు. అలా ఎన్ని తరాలుగా వేశారో తెలియదు. లావెక్కింది ఆ పూత. మా కళ్ళ ముందే పూసేవారు, మేం చూస్తూ నిలబడేవాళ్ళం, అయినా స్వామి పెరుగుతున్నాడనే అనుకునేవాళ్ళం. అందులో మోసం ఏమీ లేదు. ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

మాది వినుకొండకు కాస్త ఎగువన మిరప, పత్తి చేల మధ్య ఊరు. గుడి ఊరి చివర ఉంటుంది. నాకు ఊహ తెలిసేనాటికి అది సున్నం కొట్టిన రెండు స్తంభాల మండపం, వెనక చీకటి గది, అంతే. తర్వాత స్తంభాలకు నీలం రంగు వేశారు. తర్వాత ట్యూబులైటు, మైకు వచ్చాయి. పైన సిమెంటు స్లాబు పోసి, నేల మీద గళ్ళ టైల్సు పరిచారు. ఒక్కోటి వచ్చినప్పుడల్లా ఊరంతా భోజనాలు. పాత గుడి పోయిందని బాధపడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. నేనూ బాధపడలేదు.

ఒళ్ళు చేయడం తప్ప స్వామి మాత్రం నాకు మారినట్టు అనిపించేవాడు కాదు. కుడి చెయ్యి పైకెత్తి, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని, కొంచెం పక్కకు తిరిగి నిలబడి ఉండేవాడు. తల మీదుగా తోక, దాని కొసకు వెండి గంట. వెండి కళ్ళు. పాదాల దగ్గర ఒక చిన్న బొమ్మ. స్వామి తొక్కిపెట్టిన రాక్షసుడు అదని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మేం పిల్లలం దణ్ణం పెట్టుకుని వెళ్తూ వాడికి ముక్కు చిట్లించి వెళ్ళేవాళ్ళం.

మా నాన్న రైతు. శనివారం పారాయణకు ఆయనే పెద్ద. పాతికమంది దాకా చేరేవాళ్ళు. నాకు అక్షరాలు పారాయణ పుస్తకంలోనే నేర్పాడు. పన్నెండేళ్ళు వచ్చేసరికి అధ్యాయాలకు అధ్యాయాలు చూడకుండా చెప్పేదాన్ని. ఆడపిల్లను ముందు వరసలో కూర్చోబెట్టడమేంటని కొందరు అన్నారట. "గొంతు ముందు వరసలోది" అన్నాడట నాన్న. మొదలుపెట్టిన అధ్యాయాన్ని మధ్యలో ఆపకూడదన్నది ఆయన నియమం. ఒకసారి వాన కురిసి, మండపంలో నీళ్ళు నిలిచినా, పాదాలు నానుతూ కూర్చుని పూర్తి చేశాం.

అమ్మ నా ఇంటర్ అయ్యాక పోయింది. మరో మూడేళ్ళకు, తొంభైల చివర్లో, గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెప్పే ఆయనకు నన్నిచ్చి పెళ్ళి చేశారు. మేడ మీద రెండు గదుల పోర్షను. కింద జిరాక్స్ షాపు, ఎదురుగా ఆసుపత్రి, పొద్దస్తమానం ఆటోల మోత. ఆయన తెల్లవారుజామున క్లాసుకు వెళ్తూ బయట గొళ్ళెం పెట్టి తాళం వేసేవారు. మధ్యాహ్నం వచ్చి తీసేవారు. నాలుగింటికి మళ్ళీ వేసి, తొమ్మిదింటికి తీసేవారు.

మొదటిరోజు పొరపాటున వేశారేమో అనుకున్నాను. రెండోరోజు అడిగితే, "రోజులు బాగాలేవు, నువ్వు పల్లెటూరి దానివి, నా భయం నాది" అన్నారు. చాలా మామూలుగా అన్నారు. ఆయన తిట్టేవారు కాదు. చెయ్యి చేసుకోలేదు. వస్తూ వస్తూ మల్లెపూలు తెచ్చేవారు. కూరగాయల బండి వస్తే కిటికీలోంచి బుట్టకు తాడు కట్టి దింపేదాన్ని. బండివాడు బెండకాయలు వేసి తాడు లాగితే పైకి లాక్కునేదాన్ని. కింద నిలబడ్డ కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళకది సరదా. నేనూ కొన్నాళ్ళు నవ్వాను.

పారాయణ చేసుకుంటూ రెండేళ్ళు గడిపాను. నాలుగు గోడల మధ్య ఒక్కదాన్నే చదివితే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. పొరుగున ఎవరైనా వింటారేమో అని గొంతు పెంచేదాన్ని. ఒకరోజు ఆయన హడావుడిలో తాళం వేయడం మరిచిపోయారు. తలుపు తోస్తే వచ్చేసింది. కొత్తిమీర కొనుక్కుని వద్దామని దిగాను. కొత్తిమీర కొన్నాను కూడా. ఆ కట్ట చేతిలో పట్టుకునే బస్టాండు దాకా నడిచి వినుకొండ బస్సెక్కాను. ఎందుకెక్కానో ఆ బస్సులో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

నాన్న అంతా విన్నాడు. తాళం సంగతి రెండుసార్లు చెప్పాను. ఆయనకు అది కష్టంగా కనిపించలేదు. మా ఊళ్ళో ఎవరికీ కనిపించలేదు. భార్యను జాగ్రత్తగా చూసుకునే మనిషి అని అన్నారు. నాన్న నా తల మీద చెయ్యి వేసి, స్వామికి మండలం చెయ్యమన్నాడు. నలభై రోజులు, రోజుకు నూట ఎనిమిది ప్రదక్షిణలు. మనసు కుదుటపడుతుంది, నలభయ్యో రోజు తర్వాత నేనే తీసుకెళ్ళి దింపుతాను అన్నాడు. అల్లుడికి కబురు కూడా పంపాడు. ఆయన మర్యాదగానే ఒప్పుకున్నారు.

అలా నా రోజులు లెక్కలోకి వచ్చాయి. కొంగులో నూట ఎనిమిది పత్తి గింజలు పోసుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కోటి గుడి గడప మీద పెట్టేదాన్ని. స్వామి బందీలైనవాళ్ళ దగ్గరికి సముద్రం దాటి వెళ్ళినవాడు. చెరలో ఉన్న తల్లికి ధైర్యం చెప్పినవాడు. నా మాట ఆయనకు చేరుతుందని నాకు సందేహం లేదు. నేను మనసు కుదుటపడాలని అడగలేదు. నన్ను ఆ గదికి పంపకు అని అడిగాను. నాన్న ఒకందుకు చెయ్యమన్నాడు, నేను ఇంకొకందుకు చేశాను. గింజలు తగ్గుతున్నకొద్దీ, రోజులు తగ్గుతున్నకొద్దీ నడక నెమ్మది చేసేదాన్ని. మధ్యలో ఆగాల్సిన ఐదు రోజులు లెక్కలోకి రావు. ఆ ఐదు రోజులు ఎక్కువ దొరికినందుకు మాత్రం సంతోషించాను.

అదే సమయంలో గుడికి గ్రానైటు వస్తోంది. మా ఊరి వాళ్ళ బంధువు ఒకాయన చీమకుర్తిలో రాయి వ్యాపారం చేసి నిలదొక్కుకున్నాడు. మొక్కు తీర్చుకోవడానికి గర్భగుడి గోడలకు లోపలా బయటా నల్ల గ్రానైటు పలకలు వేయిస్తానన్నాడు. లారీలో పలకలు, వాటితోపాటు ఒక మేస్త్రి వచ్చారు. పాత గోడ గట్టిగా ఉందని, పలకలు నిలవడానికి మిషనుతో గోడకు బెజ్జాలు వేస్తున్నాడు. గుడి చుట్టూ తిరుగుతుంటే ఆ అదురు నా అరికాళ్ళకు తెలిసేది.

ముప్పై నాలుగో రోజు మిట్ట మధ్యాహ్నం నా కొంగులో ఇంకా ఇరవై గింజలు ఉండగా లోపల మూట జారిపడ్డట్టు చప్పుడైంది. మిషను ఆగింది. గడప దగ్గరికి వెళ్ళి చూశాను.

స్వామి కవచం, ఆ సింధూరపు పూత అంతా, ఊడిపోయింది. భుజాల నుంచి పాదాల దాకా ఒక్క పెళ్ళగా జారి నేల మీద ముక్కలైంది. తోక ముక్కలైంది. వెండి కళ్ళు రెండూ నేల మీద పైకి చూస్తూ పడి ఉన్నాయి. పీఠం మీద నూనెతో నిగనిగలాడే నల్లరాయి. మొదట నాకు భయం తప్ప ఏమీ తెలియలేదు. నేను వేరే కోరిక పెట్టుకుని తిరిగినందుకే ఇలా జరిగిందనుకున్నాను. చెంపలు వేసుకుంటూ ఎత్తిన చేతి వంక చూశాను.

మణికట్టు నుంచి మోచేతి దాకా గాజులున్నాయి. వేళ్ళ మధ్య నిమ్మకాయ. పక్కకు తిరిగిన తలకు వెనక కొప్పు. నడుం కింద చీర కుచ్చెళ్ళు, ఒక్కో మడతా ఉలితో తీర్చి ఉంది. పాదాల దగ్గర రాక్షసుడికి మీసాలు, చేతిలో కత్తి, పక్కన గుర్రం. పైన మూలల్లో చంద్రుడు, సూర్యుడు.

మేస్త్రి గోడ వెనక నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కాసేపు చూసి, "ఇది మగ చెయ్యి కాదమ్మా" అన్నాడు. రాయి పని చేసేవాడు కదా, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

కబురు విని పూజారిగారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. గడపలో ఆగి ఒక్క చూపు చూసి, కొత్త పంచె తెప్పించి రాయికి నిలువునా కప్పారు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను మంచినీళ్ళిచ్చాను. "పేరంటాలు" అన్నారు. యుద్ధంలో భర్త పోతే అతని చితి ఎక్కిన ఆడదాని పేర నిలబెట్టే రాయి. మా వైపు చేలల్లో అలాంటివి అక్కడక్కడా ఉంటాయి. ఎత్తిన చెయ్యే గుర్తు. చిన్నప్పుడు వాళ్ళ నాయన ఒకసారి ఏదో చెప్పబోతే తాను వినకుండా లేచి వెళ్ళానని, మళ్ళీ ఎప్పుడూ అడగలేదని పూజారిగారు చెప్పారు. ఎప్పుడో ఎవరో ఆ ఎత్తిన చెయ్యి చూసి స్వామి అనుకున్నారు. సింధూరం పెట్టారు. తోక ఆ సింధూరంతోనే వచ్చింది.

ఊడిన ముక్కల్ని తొక్కకూడదు. కొత్త గుడ్డలో కట్టి కృష్ణలో కలపాలి. ముక్కలు ఏరే పని నాకు చెప్పారు. విరిగిన చోట పొరలు పొరలుగా కనిపించింది, పైన నారింజ రంగు, లోపలికి వెళ్ళేకొద్దీ ఎరుపు, ఇంకా లోపల నలుపు. ఒక పొరలో తమలపాకు ఈనె అచ్చు. ఇంకో పొరలో అంగుళం అరటినార, ముడితో సహా. ముడి చూడగానే తెలిసింది. అమ్మ రెండుసార్లు తిప్పి వేసేది. దాన్ని గింజలతో పాటు కొంగులో కట్టుకున్నాను. మిగిలినవి మూట కడితే ఇద్దరు మగవాళ్ళు మోయాల్సి వచ్చింది.

సాయంత్రానికి మండపం నిండింది. పంచె కప్పి ఉంది కాబట్టి లోపల ఏముందో చూసింది మేం నలుగురమే, నాన్నతో కలిపి. ఊరికి తెలిసింది కవచం ఊడిందని మాత్రమే. ఎందుకు ఊడిందన్నదే వాళ్ళ ప్రశ్న. మిషను అదురుకు ఊడిందని మేస్త్రి చెప్పబోతే ఎవరూ వినలేదు. గ్రానైటు స్వామి కోసం వచ్చింది, స్వామికి వచ్చింది స్వామికి కీడెలా చేస్తుంది? పారాయణలో ఎప్పుడూ ముందు కూర్చునే ఒక ముసలావిడ, వరసకు నాకు పెద్దమ్మ, నన్ను చూడకుండా స్తంభానికి చెప్పినట్టు చెప్పింది.

"మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషి పొద్దుటి నుంచి చుట్టూ తిరుగుతుంటే ఒంటి మీద కవచం నిలుస్తుందా? స్వామి కాబట్టి ఊరుకున్నాడు."

ఎవరూ కాదనలేదు. నాన్న తల దించుకున్నాడు. తర్వాత లేచి, రేపటి నుంచి మళ్ళీ పూత మొదలుపెడదామని, పన్నెండు రోజుల్లో సంప్రోక్షణ చేద్దామని, అమ్మాయిని దీక్ష పూర్తికాగానే దింపి వస్తానని చెప్పాడు. మూడూ ఒకే మాటలో చెప్పాడు. లోపలున్నది ఎవరో చెప్పలేదు. చెబితే రాయిని మ్యూజియం వాళ్ళు తీసుకెళ్తారని ఆయన భయం. ఊళ్ళో నూరేళ్ళ మొక్కులు ఏమైపోతాయని ఇంకా పెద్ద భయం. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయనకూ దారి లేదు.

పూత వేసేటప్పుడు దీపం పట్టుకోమని పూజారిగారు నన్ను పిలిచారు. ఆయన చూపు ఆనదు, విషయం తెలిసిన మనిషే ఉండాలి. మొదటి పూత ఊరి తరఫున నాన్న వేశాడు. పాదాల దగ్గర మొదలుపెట్టాడు. మీసాల మనిషి పోయాడు, కుచ్చెళ్ళు పోయాయి. గాజుల దగ్గరికి వచ్చేసరికి నాన్న చెయ్యి ఆగింది. తర్వాత పూశాడు. గాజుల మధ్య గాడులు నిండడానికి మూడు రోజులు పట్టింది. దీపం రెపరెపలాడితే, పూజారిగారు గాలి వస్తోందేమో తలుపు వెయ్యండి అన్నారు.

నేను మిగతా రోజుల ప్రదక్షిణలు మానలేదు. ఎవరి చుట్టూ తిరుగుతున్నానో ఇప్పుడు తెలుసు. స్వామి లేడని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇన్నేళ్ళు ఇన్ని వందలమంది పిలిస్తే రాకుండా ఉంటాడా? ఆవిడ ఉన్న చోటికే వచ్చి నిలబడ్డాడు అనుకున్నాను. కానీ నన్ను ఆ గదికి పంపకు అని ముప్పై నాలుగు రోజులు నేను అడిగింది ముందుగా విన్నది ఆవిడే కదా. ఆవిడ ఏమనుకుని ఉంటుంది?

నలభయ్యో రోజు దీక్ష ముగించి ఇంటికి వచ్చాను. నాన్న కళ్ళంలో ఎండుమిరప కాయల మధ్య కూర్చుని తాలు కాయలు ఏరుతున్నాడు. ఘాటుకు ఇద్దరికీ కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. అందువల్ల మాట్లాడడం తేలికైంది.

"ఆవిణ్ణి ఎవరన్నా అడిగారంటావా నాన్నా, చితి ఎక్కుతావా అని?"

నాన్న ఏరడం ఆపలేదు. "ఆ రోజులు వేరమ్మా" అన్నాడు.

"సరే. రేపు వస్తాను. ఒక్కటి మాత్రం చెయ్యాలి నువ్వు. తాళం నువ్వే వెయ్యాలి."

అప్పుడు తలెత్తి చూశాడు. నేను దెప్పడానికి అనలేదు. మొదటి పూత ఆయన వేశాడు కదా, ఇదీ ఆయనే వేస్తే బావుంటుందనిపించింది.

మర్నాడు గుంటూరు వెళ్ళాం. ఆయన గేటు దాకా ఎదురొచ్చారు. నాన్నకు కాళ్ళకు నీళ్ళిచ్చారు, హోటలు నుంచి టిఫిను తెప్పించారు. కూర్చుని రోజులు బాగాలేవని, బజారు చూశారుగా మావయ్యగారూ అని చెప్పారు. నాన్న వింటూ ఉన్నాడు. నాలుగవుతుంటే ఆయన పుస్తకాలు తీసుకుని, అలవాటుగా మేకుకు ఉన్న తాళంకప్ప అందుకున్నారు.

"నువ్వు వెళ్ళు బాబూ. నేను బస్సుకు పోతూ వేసి తాళంచెవి కింద షాపువాళ్ళకిస్తా" అన్నాడు నాన్న.

ఆయన నా వంక, నాన్న వంక చూసి, తాళం ఇచ్చి వెళ్ళిపోయారు. నాన్న బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది. తాళం పడింది. మిరపకాయల గోడౌను తాళాన్ని లాగి చూసినట్టే దాన్నీ రెండుసార్లు లాగి చూశాడు. నేను లోపల తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. మెట్లు దిగే చప్పుడు కోసం చూశాను. రాలేదు.

కాసేపటికి గొంతు వినిపించింది. మెట్టు మీద కూర్చుని, మెల్లగా, మేం ఎప్పుడూ చదివే అధ్యాయమే మొదలుపెట్టాడు. నేను లోపల నుంచి అందుకోలేదు. కింద జిరాక్స్ మిషను చప్పుడు, ఆటోల హారన్లు. చెరలో ఉన్న తల్లి గడ్డిపోచ అడ్డం పెట్టి మాట్లాడే చోటుకు వచ్చాడు. అక్కడ ఆగాడు. ఊపిరి తీసుకోవడానికేమో అనుకున్నాను. మళ్ళీ మొదలుకాలేదు. నాకు తెలిసి ఆయన మధ్యలో ఆపిన అధ్యాయం అదొక్కటే.

తాళం తెరుచుకుంది.

"చెప్పులేసుకో అమ్మా" అన్నాడు. ముక్కు ఎర్రగా ఉంది. తాళాన్ని ఖాళీ తలుపుకే వేసి, తాళంచెవి కింద షాపువాళ్ళకిచ్చి, బస్టాండుకు నడిచాం. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు.

ఇది జరిగి ఏడెనిమిదేళ్ళయింది. అల్లుడి వైపు పెద్దలు రెండుసార్లు వచ్చి కూర్చుని వెళ్ళారు. నాన్న ప్రతిసారీ మజ్జిగ ఇచ్చి పంపాడు. ఊరు మాత్రం నన్ను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. కవచం ఊడడానికి కారణం నేనేనని ఇప్పటికీ అంటారు. సంప్రోక్షణ తర్వాత పారాయణలో నా చోటు స్తంభం వెనక్కి మారింది. గొంతు మాత్రం ముందుకే వినిపిస్తుంది కాబట్టి నేను అడగలేదు. నేను కూడా ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళేదారి తెలుసు, బస్సు టైములు తెలుసు, కానీ సాయంత్రానికి కాళ్ళు గుడి వైపే పోతాయి.

పూజారిగారు పోయారు. మేస్త్రి మళ్ళీ రాలేదు. పోయిన ఏడు నాన్న కూడా పోయాడు. పంచె కింద చూసినవాళ్ళలో ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలాను. గర్భగుడి గోడలు ఇప్పుడు అద్దంలా మెరుస్తాయి. ఆ నల్ల గ్రానైటులో స్వామి మూడు వైపులా కనిపిస్తాడు, వెండి కళ్ళతో, వెండి గంట తోకతో. దూరపు ఊళ్ళ నుంచి వచ్చి ఫోటోలు తీసుకుంటున్నారు.

శనివారం దండ నేనే కడతాను. అమ్మలాగే రెండుసార్లు తిప్పి ముడివేస్తాను. సంప్రోక్షణ నాటి మొదటి దండ రెండున్నర మూరలకే సరిపోయింది. అంత సన్నటి మనిషి ఆవిడ. పోయిన శనివారం మూడు మూరలు చాలలేదు. కొత్త పూజారి కోడలు, నిండా ఇరవై లేని పిల్ల, దండ లాగి చూసి సంబరంగా "స్వామి పెరిగాడక్కా" అంది.

చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే ఆ రాయిని లారీ ఎక్కిస్తారు, ఎక్కడో అద్దాల గదిలో పెట్టి చీటీ అంటిస్తారు. చెప్పకపోతే వారానికి రెండు పూతలు. ఆ రెంటిలో ఆవిడకు ఏది కావాలో నేనూ అడగలేదు.

"అవునమ్మా" అని, ఇంకో అర మూర కట్టి ఇచ్చాను.